రంగు కింద పొక్కులు

దేవిక నీలం రంగు సైకిల్‌ని తిప్పి తిప్పి చూసింది. ఫ్రేము మీద అక్కడక్కడా కందిగింజంత పొక్కులు లేచాయి. సీటు కింద గొట్టాలు కలిసే చోట అవి ఒకదానితో ఒకటి కలిసిపోయి, రంగు పెచ్చులుగా ఊడుతోంది. చుట్టూ పిల్లలు, వాళ్లను దింపడానికి వచ్చిన తల్లిదండ్రులు కొందరు, ఆమె ఏం చెబుతుందా అని నిలబడి ఉన్నారు.

తెనాలిలో కాలేజీ గ్రౌండు అది. ఆదివారం పొద్దున్నే వేకువ సైకిల్ క్లబ్బు పిల్లలు అక్కడ ప్రాక్టీసు చేస్తారు. క్లబ్బు నడిపేది బసవేశ్వరరావు, రిటైరైన డ్రిల్లు మాస్టారు. దాతలిచ్చిన పాత రేసు సైకిళ్లను బాగు చేయించి, కొనుక్కోలేని పిల్లలకు ఇస్తుంటాడు. జాగ్రత్తగా చూసుకోకపోతే సైకిల్ వెనక్కి తీసుకుంటామన్నది ఆయన మొదటి రోజే పెట్టే షరతు. ఆ సైకిళ్లన్నిటికీ రంగులు వేసింది రేపల్లెలో పెయింటింగ్ షాపున్న దేవికే. అందుకే మాస్టారు ఫోన్ చేసి ఆమెను పిలిపించాడు.

"ఏంటమ్మా దేవికా, ఎందుకిలా అయిందంటావు?"

దేవిక సైకిల్ పక్కన నిలబడ్డ అమ్మాయిని చూసింది. పేరు నాగవేణి. బాపట్లలో ఇంటర్ రెండో సంవత్సరం. సూర్యలంక నుంచి చీకటితోనే బయల్దేరి, పొన్నూరు మీదుగా తొక్కుకుంటూ వచ్చింది. ఊరి పేరు వినగానే దేవికకు జవాబు దొరికిపోయింది. ఇక ఫ్రేముని పరీక్షగా చూడాల్సిన పని కనిపించలేదు.

"ఉప్పు మాస్టారూ. సముద్రం పక్కన పడేసి, కడక్కుండా వదిలేస్తే ఇనుము ఇలాగే అవుద్ది."

"పడెయ్యలేదండి," అంది నాగవేణి. "రాత్రిళ్లు ఇంట్లోనే పెడతాను. రోజూ మంచినీళ్లతో తుడిచి పాతచీర కప్పుతాం మేడం. బయట ఉంచనే ఉంచను."

అమ్మాయి మర్యాదగానే చెప్పింది. కానీ అందరి ముందూ చెప్పింది. దేవిక ఈ పనిలోకి వచ్చిన కొత్తలో, ఆడమనిషి రంగులేంటని నవ్వినవాళ్లే ఇప్పుడు బండి మీద గీత పడితే ఆమె మాట అడిగేవరకూ వచ్చారు. ఆ మాటకు ఒక పిల్ల ఎదురు చెప్పడం ఆమెకు నచ్చలేదు.

"ఇంట్లో చేపలు ఉండవా? దీని మీద చేపల బుట్ట కట్టి తిప్పలేదూ?" ఫ్రేము దగ్గరకు వంగి లేచింది. "ఇదిగో, వాసన కూడా వస్తోంది."

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. ఒక కుర్రాడు ముక్కు మూసుకున్నాడు.

"బుట్ట కట్టలేదండి," అంది నాగవేణి.

మాస్టారు కాసేపు తల గోక్కున్నాడు. "షరతు అందరికీ ఒకటేనమ్మా. నీకొక్కదానికీ వదిలేస్తే రేపు ఎవరూ లెక్కచెయ్యరు. సైకిల్ ఇక్కడ పెట్టి వెళ్లు." నాగవేణి హ్యాండిలుకున్న నీళ్ల సీసా తీసుకుని, ఎవరినీ చూడకుండా గేటు దాటి బస్టాండు వైపు నడిచింది.

దేవిక తెనాలిలో టిఫిన్ చేసి రేపల్లె రైలెక్కింది. నువ్వు వచ్చి చూశావు గనక తేలింది గానీ, లేకపోతే అనవసరంగా నీ పనినే అనుమానించేవాళ్లమమ్మా అని మాస్టారు అన్న మాట తల్చుకుని సంతోషపడింది కూడా. నిజానికి ఆ సైకిల్ దగ్గర ఆమెకు ఏ వాసనా రాలేదు. ఆ సంగతి ఆ రోజు ఆమెకు పట్టలేదు.

వానలు తగ్గుముఖం పట్టాక స్నేహలత వచ్చింది. స్నేహలత కూడా క్లబ్బు పిల్లే, ఇల్లు తెనాలిలో. ప్రాక్టీసుకని రేపల్లె దాకా తొక్కుకుంటూ వచ్చి, షాపు ముందు దిగి, "అక్కా, ఒకసారి ఇది చూడవా?" అంది.

అదే నీలం రంగు. అవే పొక్కులు. అదే చోటు, సీటు కింద గొట్టాలు కలిసే దగ్గర మొదలై కిందికి పాకాయి.

"సైకిల్ ఎక్కడ పెడతావమ్మా?"

"మా హాల్లో అక్కా. మూడో అంతస్తు. టీవీ పక్కనే."

"సముద్రానికి ఏమైనా వెళ్లావా దీని మీద?"

"అయ్యో, లేదక్కా. అంతదూరం మా నాన్న పంపడు."

దేవిక సైకిల్‌ని వెలుతురులోకి తీసుకెళ్లి స్టాండు మీద బిగించింది. ముందు చెమట అనుకుంది. చెమటైతే పై గొట్టం మీద పడాలి. అక్కడ రంగు అద్దంలా ఉంది. రాళ్లు తగిలాయేమో అనుకుంది. రాయి తగిలితే రంగు మీద గాటుండాలి. భూతద్దం తెచ్చి పొక్కు పొక్కూ చూసింది. ఒక్క గీత లేదు, ఒక్క చిల్లు లేదు. బయటి ఉప్పు పనైతే ఏదో ఒక గాటులోంచి దిగి, అక్కడి నుంచి తుప్పు చుట్టూ పాకుతుంది. పైన రంగు చెక్కుచెదరకుండా కిందినుంచి ఉబ్బదు. ఆ సంగతి ఆమెకు కొత్తది కాదు. తెనాలిలో కూడా తెలుసు. ఆ రోజు చూడలేదంతే.

గుండుసూదితో ఒక పొక్కును గుచ్చింది. సన్నటి నీటిబొట్టు బయటికొచ్చింది. దాన్ని వేలికొసకు అద్దుకుని నాలుక మీద పెట్టుకుంది.

ఉప్పగా ఉంది.

"ఏంటక్కా, నాకుతున్నావ్?" అని స్నేహలత నవ్వింది.

దేవిక నవ్వలేదు. బ్లేడుతో పెచ్చు లేపింది. పై రంగు, దాని కింద తొలిపూతగా వేసిన ప్రైమరు కలిసే ఊడివచ్చాయి. ఇనుము మీద గోధుమరంగు మచ్చలు. అంటే ప్రైమరు పడకముందే ఇనుము మీద ఉప్పుంది. మూత పెట్టినట్టు దాని మీద రంగు పడింది. వానాకాలపు తేమకు లోపలి ఉప్పు నీరు లాక్కుని రంగుని ఉబ్బించింది.

ఉప్పు ఎక్కడిదో ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. ఎండాకాలంలో కాలువలు కట్టేసినప్పుడు రేపల్లెలో కుళాయిలు సరిగ్గా రాలేదు. మాస్టారు తొందరపెడుతున్నాడు. తుప్పు పోవడానికి యాసిడ్ పూసిన రెండు ఫ్రేములు కడగాలి. పెరట్లో బోరు వేసి ఆ నీళ్లతోనే కడిగేసింది. ఆ బోరునీళ్లు ఉప్పుకషాయం. బట్టలు కూడా ఉతకరు. బకెట్టులో ఆరితే అంచున తెల్లటి చార కడుతుంది. మంచినీళ్లతో ఇంకోసారి కడగాలని అప్పుడే అనిపించింది. తాగడానికి తెచ్చిన నీళ్లు ఫ్రేములకెందుకులే, గుడ్డతో తుడిస్తే పోతుందిలే అనుకుంది. కడిగి కొక్కేనికి వేలాడదీస్తే నీళ్లన్నీ దిగి ఆరింది సరిగ్గా ఈ అతుకు దగ్గరే.

ఆ రెండు ఫ్రేముల్లో ఒకటి స్నేహలతకు వెళ్లింది. రెండోది నాగవేణికి.

అయినా నమ్మకం కుదరక, శుభ్రంగా రుద్దిన రేకుముక్క మీద బోరునీళ్లు చల్లి ఎండలో పెట్టింది. స్నేహలత మజ్జిగ తాగేలోపు అది ఆరి, పొడి చల్లినట్టు తెల్లగా అయింది. దేవిక పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. కిసుక్కుమన్న ఆ నవ్వు మళ్లీ వినిపించినట్టయింది.

"ఏమైందక్కా? నా తప్పేం లేదు కదా?" అంది స్నేహలత భయంగా.

"నీ తప్పు కాదమ్మా. రంగు డబ్బాలోనే ఏదో తేడా ఉన్నట్టుంది. మళ్లీ వేసిస్తాలే."

"ఆదివారానికి కావాలక్కా. జిల్లా ట్రయల్స్ ఉన్నాయి." పిల్ల బ్యాగు భుజాన వేసుకుంటూ ఆగింది. "నాగవేణి సైకిల్‌కీ ఇలాగే వచ్చింది కదా?"

"అది వేరు," అంది దేవిక.

ఆ రెండు మాటలూ ఎంత సులువుగా నోట్లోంచి వచ్చాయో ఆమెకే ఆశ్చర్యమేసింది.

స్నేహలత ఫ్రేముని పూర్తిగా గీకి, క్యాను నీళ్లతో కడిగి, ఆరబెట్టి, మళ్లీ రంగు వేసింది. పని చేస్తున్నంతసేపూ మాస్టారికి ఫోన్ చెయ్యాలనే అనుకుంది. ట్రయల్స్ ఇంకా కాలేదు. ఒక్క మాట చెబితే నాగవేణి సైకిల్ నాగవేణికి వెళ్తుంది. రంగు ఊడినా సైకిల్ పరిగెడుతుంది. శుక్రవారం చివరికి చేసింది. మాస్టారు ఎత్తగానే, "నీకు నూరేళ్లమ్మా, ఇప్పుడే అనుకుంటున్నాం. దాత ఇంకొన్ని సైకిళ్లిస్తానన్నాడు. రంగులు మాత్రం మన రేపల్లె అమ్మాయే వెయ్యాలి, పని తెలిసిన మనిషి అని చెప్పాను. ఇంతకీ ఎందుకు చేశావ్?" అన్నాడు.

"ఊరికే మాస్టారూ. స్నేహలత సైకిల్ అయిపోయిందని చెబుదామని."

ఫోన్ పెట్టేసింది. రేపు చెబుతాననుకుంది. శనివారం స్నేహలత నాన్న వచ్చి సైకిల్ తీసుకెళ్లాడు. ఆయనకూ చెప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నం స్నేహలత ఫోన్ చేసింది. "అక్కా, సెలెక్ట్ అయ్యాను! రాష్ట్ర పోటీలకి!" అని అరిచింది. దేవిక అభినందనలు చెప్పాక, ఏదో గుర్తొచ్చినట్టు, "నాగవేణి వచ్చిందక్కా పాపం. తొక్కడానికి కాదు. గేటు బయట నిలబడి చూసి, పేర్లు చదవకముందే వెళ్లిపోయింది. తనుంటే నాకు వచ్చేది కాదేమో," అంది.

దేవిక ఆ పూట అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. పొరపాటు ఎవరైనా చేస్తారు. గుడ్డతో తుడిస్తే ఉప్పు పోతుందిలే అనుకోవడం పొరపాటు. కానీ రాని వాసన వచ్చిందని చెప్పడం పొరపాటు కాదు. తెలిశాక నోరు మూసుకుని కూర్చోవడం అసలే కాదు. ఈ మూడింటికీ ఒకే పేరు పెట్టుకుని సర్దుకుందామని చూసింది. కుదరలేదు.

మర్నాడు షాపు తియ్యకుండా బాపట్ల బస్సెక్కింది. అక్కడి నుంచి ఆటోలో సూర్యలంక. వారాంతం కాదు కనుక తీరం ఖాళీగా ఉంది, మొక్కజొన్న పొత్తులు కాల్చే బళ్లు పట్టాలు కప్పుకుని ఉన్నాయి. పల్లెలో అడిగితే నాగవేణి ఇల్లు చూపించారు. వాకిట్లో ఒకావిడ వల మీద ఎండుచేపలు తిరగేస్తోంది.

"నాగవేణి వాళ్లమ్మగారేనా అండి?"

"అవును. గంగరత్నం. నువ్వెవరమ్మా?"

"రేపల్లె నుంచి వచ్చానక్కా. సైకిళ్లకు రంగులేస్తాను."

గంగరత్నం చెయ్యి ఆగింది. "ఉప్పని చెప్పినావిడ నువ్వేనా?"

"నేనే. ఆ తప్పు మీది కాదక్కా, నాది. రంగు వేసేముందు మా బోరు ఉప్పునీళ్లతో కడిగాను. ఆ ఉప్పే లోపల ఉండిపోయి పొక్కులు లేచాయి. మీ అమ్మాయి బాగానే చూసుకుంది."

గంగరత్నం చేతులు చీర కొంగుకు తుడుచుకుని అరుగు మీద కూలబడింది.

"అది ఆ రోజు ఇంటికొచ్చి, 'అమ్మా, నా సైకిల్ ముట్టుకున్నావా' అనడిగింది. ముట్టుకోనా? బిడ్డ తొక్కి అలిసిపోయి వస్తే రోజూ నేనే తుడిచేదాన్ని. తుడిచానే అన్నా. ఇంక మాట్లాడలేదు. అప్పట్నుంచీ కాలేజీకెళ్లే ముందు రెండుసార్లు సబ్బుతో చేతులు కడుగుతుంది. నా పక్కన పడుకోదు. నా చేతులే దాని సైకిల్ పోగొట్టాయని నేనూ అనుకున్నా తల్లీ. ఇన్నాళ్లూ అదే అనుకుంటన్నా."

దేవికకు తల ఎత్తాలనిపించలేదు. తన మాట ఒక సైకిల్‌తో ఆగిందనుకుంది. అది ఈ ఇంట్లోకి వచ్చి, తల్లీకూతుళ్ల మధ్య పడుకుందని ఊహించలేదు.

కాలేజీ నుంచి నాగవేణి వచ్చేదాకా ఆమె వాకిట్లోనే నిలబడింది. గంగరత్నం కూర్చోమని అనలేదు. నాగవేణి ఆటో దిగి, ఆమెను గుర్తుపట్టి, గుమ్మం దగ్గర ఆగింది. దేవిక మళ్లీ మొదటి నుంచీ చెప్పింది. బోరు, కాలువలు, యాసిడ్, ప్రైమరు. అమ్మాయి మధ్యలో అడ్డు రాకుండా వింది.

"వాసన వచ్చిందా మేడం?"

"లేదమ్మా. రాలేదు."

"మరెందుకన్నారు?"

దారిపొడుగునా దేవిక చాలా జవాబులు తయారు చేసుకుంది. ఇప్పుడు ఒక్కటీ పనికిరాలేదు. "నువ్వు అందరి ముందూ కాదన్నావని. నా మాటే నిలబడాలని. చేపలు పట్టే ఇల్లంటే వాసన ఉంటుందని అందరూ నమ్ముతారని తెలుసు. అందుకని అన్నాను."

నాగవేణి పుస్తకాలు అరుగు మీద పెట్టింది. "ఇది మీ తప్పని ఎప్పుడు తెలిసింది? నిన్ననా?"

నిన్ననే అంటే సరిపోయేది. ఆ మాట నాలుక దాకా వచ్చింది కూడా.

"ట్రయల్స్ ముందే తెలిసింది."

గంగరత్నం గబుక్కున లేచింది. "ముందే తెలిసీ చెప్పలేదా? నువ్వు ఆడదానివేనా? పిల్ల గేటు దగ్గర నిలబడి చూసొచ్చిందే! పో ఇక్కడ్నించి!" చేతిలోని చేపల చేట కింద పడేసి ఇంట్లోకి వెళ్లిపోయింది.

నాగవేణి ఏడవలేదు, అరవలేదు. చేపలు ఏరి మళ్లీ వల మీద వేసింది. దేవిక సాయానికి వంగితే, "వద్దండి," అంది. అన్నీ వేశాక లేచి నిలబడింది.

"నాకు ఇక్కడ చెబితే ఏం లాభమండి? అక్కడ చెప్పండి. ఆదివారం, అందరూ ఉన్నప్పుడు. వాసన సంగతి కూడా చెప్పాలి. ముందే తెలిసిందని కూడా చెప్పాలి."

"చెబుతానమ్మా."

"మా అమ్మని తీసుకొస్తాను. తను వినాలి."

ఆ వారం దేవిక మాస్టారికి ముందుగా ఏమీ చెప్పలేదు. చెబితే ఆయన లోపలికి పిలిచి, గుట్టుగా సర్దేస్తాడని తెలుసు. సర్దేస్తే బాగుండునని తన మనసే కోరుకుంటోందని కూడా తెలుసు.

ఆదివారం గ్రౌండులో పిల్లలు ప్రాక్టీసు ముగించి చుట్టూ చేరినప్పుడు గేటు దగ్గర తల్లీకూతుళ్లు కనిపించారు. గంగరత్నం ఉతికిన చీర కట్టుకుని, పూలు పెట్టుకుని వచ్చింది. "మాస్టారూ, ఒక మాట చెప్పాలి," అని దేవిక మొదలుపెట్టింది. గొంతు చాలా చిన్నగా వచ్చింది. వెనకవాళ్లు వినపడలేదన్నారు. మళ్లీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది. బోరునీళ్ల సంగతి చెప్పేటప్పుడు పర్వాలేదు, అది పని గురించిన మాట. "ఆ రోజు నాకు ఏ వాసనా రాలేదు. అబద్ధం చెప్పాను," అన్నప్పుడు మాత్రం నాగవేణి వైపు చూడలేకపోయింది. ట్రయల్స్ సంగతి చెప్పాక స్నేహలత తన సైకిల్ వైపు చూసి, తర్వాత దేవిక వైపు చూసింది. ఆ చూపు దేవిక తట్టుకోలేకపోయింది.

"పోనీలెండి, పొరపాట్లు జరుగుతుంటాయి," అన్నాడు ఒక తండ్రి, మంచిగానే. "ఇంత చిన్న విషయానికి..."

"చిన్నదని ఎవరన్నారయ్యా?" అంది గేటు దగ్గర నుంచి గంగరత్నం. ఆయన మరి మాట్లాడలేదు.

బసవేశ్వరరావు మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నేనైనా ఆ పిల్ల మాట వినాల్సింది," అని గొణిగాడు. నాగవేణి దగ్గరకు నడిచి వెళ్లి ఏదో చెప్పాడు. క్లబ్బు గది తాళం తీయించి సైకిల్ తెప్పించాడు. అక్కడే నిలబడి పోటీలవాళ్లకు ఫోన్ చేశాడు. ఎంపికైన పేర్లు అప్పటికే పైకి వెళ్లిపోయాయి, మార్చడం కుదరదన్నారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కూడా అమ్మాయి ముఖంలోకి చూడలేదు.

దేవిక దగ్గరకు వచ్చింది. "నాగవేణీ, ఫ్రేము ఇయ్యమ్మా. మళ్లీ మొదటి నుంచీ చేసి ఇస్తాను."

నాగవేణి తల్లి వైపు చూసింది. గంగరత్నం సైకిల్ హ్యాండిలు పట్టుకుంది.

"రేపల్లె పంపం. చేసేదేదో మా వాకిట్లోకొచ్చి చెయ్యి. నా కళ్ల ముందు."

దసరా సెలవుల్లో దేవిక రంగు చిమ్మే కంప్రెసరు, డబ్బాలు, గరుకు కాగితాలు ఆటోలో వేసుకుని సూర్యలంక వెళ్లింది. గాలికి ఇసుక లేవకుండా పాకలో పట్టా కట్టి పని చేసింది. నీళ్లు గంగరత్నమే మోసుకొచ్చి పోసింది, ఒక్క మాట లేకుండా. చుట్టుపక్కల ఆడవాళ్లు వచ్చి చూసి, ఈవిడేనా అని చెవులు కొరుక్కున్నారు. దేవిక విననట్టు నటించలేదు. మధ్యాహ్నం తెచ్చుకున్న పులిహోర డబ్బా తెరిచి, నీడలో ఒక్కతే తింది. లోపల్నుంచి తల్లీకూతుళ్ల మాటలు వినిపిస్తున్నాయి. ఏదో విషయానికి నాగవేణి విసుక్కుంటోంది, గంగరత్నం నవ్వుతోంది.

క్లబ్బు కొత్త సైకిళ్ల రంగులు ఆ తర్వాత తెనాలిలోనే ఎవరికో వెళ్లాయి. మాస్టారు ఆ సంగతి ఫోన్లో చెబుతూ చాలా ఇబ్బంది పడ్డాడు. దేవిక సరేనంది. స్నేహలత రాష్ట్ర పోటీల నుంచి ఉత్తచేతులతో వచ్చి, ఆ దారినే పోతూ కూడా షాపు దగ్గర ఆగడం మానేసింది.

ఫ్రేము ఆరిన రోజు నాగవేణి చక్రాలు బిగించుకుని, బాపట్ల రోడ్డు మీద కొంతదూరం తొక్కి వచ్చింది. ముఖం చెమటతో మెరుస్తోంది. దిగి, గొలుసు సరిచేసుకుంటూ, "బాగుందండి," అంది. "మేడం" అని గానీ "అక్కా" అని గానీ అనలేదు. దేవిక డబ్బాలు సర్దుకుని ఆటో కోసం రోడ్డు మీదకు నడిచింది.